మూడు చుక్కలు

“రేపు పొద్దుగాల బేరగాడు డీసీఎం బండి తెస్తడు బాపూ. గొర్లను ఎక్కిస్తున్న. ఇగ లొల్లి చెయ్యకు.”

“ఎక్కియ్యి. వాటెంబడి నన్ను గూడ ఎక్కియ్యి!”

తండ్రీకొడుకులు తిరుమలగిరి బజారులో, శ్రీకాంత్ రేడియం దుకాణం ముందే తగువుకు దిగారు. నంబరు ప్లేటుకు స్టిక్కరు కత్తిరిస్తున్న శ్రీకాంత్ తలెత్తేసరికి ముసలి ఐలేశం నడుము నుంచి పిస్తోలు తీశాడు. శ్రీకాంత్ చేతిలో స్టిక్కరు వదిలేసి వెనక్కి జరిగాడు.

“బుగులు పడకు బిడ్డా, ఉత్తదే. ప్లాస్టిక్ గోళీలది. కుక్కలను బెదిరిచ్చేటందుకు” అంటూ ఐలేశం పిస్తోలును శ్రీకాంత్ చేతికి జానెడు పక్కగా అందించాడు. శ్రీకాంతే వంగి అందుకున్నాడు.

“ఏడ బెదిరిచ్చినవ్?” కొడుకు పరమేష్ మండిపడ్డాడు. “మొన్న పొద్దుగూకినంక కుక్కలు దొడ్ల వడి నాలుగు గొర్రెపిల్లలను పీకి పెట్టినయి. ఈయన కందిచేను దిక్కు గోళీలు కొట్టిండు. కండ్లు చూపిచ్చుకుందాం, దవాఖానకు నడువంటే నడువడు.”

“నా కండ్లకేమైందిరా? మసక చీకట్ల పిస్తోలు కొస కనపడక గురి తప్పిన, గంతే. జర దీనికి మెరిసే రేడియం పెట్టు బిడ్డా.”

పరమేష్ పిస్తోలు వైపు చూశాడు. “సరే. రేడియం కనపడ్డదంటే బేరగానికి రావద్దని నేనే ఫోన్ చేస్త. కనపడకుంటే గొర్లు పోవుడే. మాటంటే మాట.”

“మాటంటే మాట” అన్నాడు ఐలేశం.

శ్రీకాంత్ గమ్ తీసి పనిలో పడ్డాడు. ముసలాయన దగ్గరికి జరిగి, కొడుక్కి వినపడకుండా అన్నాడు. “మా ముసల్ది సచ్చిపోయినంక నా పక్కన ఊపిరి ఇనబడేది ఆ గొర్లదే బిడ్డా. అవి పోతే నేనెందుకు?”

శ్రీకాంత్ రేడియం షీటు నుంచి చుక్కలు కత్తిరించసాగాడు.

“ఎన్ని చుక్కలు పెడ్తున్నవ్?” ముసలాయన మెల్లగా అడిగాడు.

“మూడు పెద్దయ్యా. ఎనక గురి చూసే గాటుకు అటొకటి ఇటొకటి, ముందట కొసకు ఒకటి. మూడు ఒక్క వరుసకొస్తే గురి కుదిరినట్టే.”

“రంగేంది?”

“ఇప్పుడు తెల్లగున్నయి. ఎండ పట్టిచ్చి చీకట్లకు తీస్కపోతే ఆకుపచ్చగ మెరుస్తయి.”

“ఇంకెంతసేపన్నా?” పరమేష్ తొందరపెట్టాడు. శ్రీకాంత్ ముందు కొస మీద చివరి చుక్కను బొటనవేలితో గట్టిగా అదిమాడు. పిస్తోలును కాసేపు ఎండలో పెట్టి, ఐలేశం చేతికిచ్చి, వెనక సామాన్ల గది చూపించాడు. కిటికీ లేని గది, ఒక్క మనిషి పట్టేంత. ఐలేశం గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

“కనపడ్తున్నయా బాపూ? ఎన్ని?”

లోపల అలికిడి లేదు. పరమేష్ జేబులో ఫోన్ మీద చెయ్యి వేశాడు.

“మూడు!” ముసలాయన కేక వేశాడు. “ఆకుపచ్చగ మిణుగురుల లెక్కున్నయిరా! ఎనక రెండు, ముందటొకటి. ఒక్క వరుసకొచ్చినయి!”

పరమేష్ మొహం తేటపడింది. అప్పటికప్పుడే బేరగానికి ఫోన్ చేసి, “రాకు అన్నా, మా బాపుకు మంచిగ కనపడ్తున్నది” అన్నాడు. తండ్రి బయటికి రాగానే భుజం చుట్టూ చెయ్యి వేశాడు. “నేనే ఉత్తగ అనుమానపడ్డ బాపూ. ఇగ నాకు ఫికర్ లేదు. రేపటి సంది నేను పట్నం పనికి పోత, మందకాడ నువ్వొక్కనివే పండుకో.”

“పోయి రా బిడ్డా” అంటూ ఐలేశం కొడుకు భుజం పట్టుకుని బండెక్కాడు. ఆ ముసలి కళ్లు నీళ్లతో నిండి ఉండటం చూసి, సంతోషమేలే అనుకున్నాడు శ్రీకాంత్. ఎంత పుణ్యం చేసుకున్నానో అని మురిసిపోయాడు కూడా.

బండి మలుపు తిరిగాక, కొత్త షీటు కోసం అతను సామాన్ల గదిలోకి వెళ్లాడు. వెనక తలుపు మూసుకుపోయింది. షీటు కోసం చీకట్లో చెయ్యి చాచాడు.

ముందు కొసకు పెట్టిన మూడో చుక్క, అతని బొటనవేలికి అంటుకుని, ఆకుపచ్చగా మెరుస్తోంది.