పేరు దాచిన వ్యాసం

“ఇది తత్త్వశాస్త్రమా, అమ్మా? పత్తి కథ గదా,” అంటూ కోదండరామ రెండో వ్యాసాన్ని బల్లమీద పడేశాడు.

లెక్చరర్ అభిరామి దాన్ని వెంటనే చేతిలోకి తీసుకుంది. చెన్నైలో జరిగే తత్త్వశాస్త్ర శిబిరానికి ఈ రాజపాళయం కాలేజీ నుంచి ఒక్కరికే చోటు. ఎంపికైన పిల్లకు ఏడాదంతా ఒక పెద్ద ప్రొఫెసర్ వెన్నంటి ఉండి నేర్పిస్తాడు. ఈ ఊళ్లో ఎవరింటి పిల్లో తెలిస్తే చాలు, మార్కులు వాటంతటవే వచ్చి వాలతాయి. అందుకే వ్యాసాలమీద పేర్లు వద్దు, నంబర్లు చాలని పట్టుబట్టింది అభిరామే. ఇదే కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన, మిల్లువాళ్లింటి పెద్దాయన కోదండరామను తోడు కూర్చోబెట్టుకున్నదీ ఆమే. వడపోయగా ఇక రెండు మిగిలాయి. రాసినవాళ్లంతా వరండాలో ఎదురుచూస్తున్నారు.

“మళ్లీ చదవండి సార్. జిన్నింగ్‌లో గింజ ఒక పక్క, దూది ఒక పక్క పోయినాక, అదివరకు పత్తి అన్నామే, అది ఏది అని అడుగుతుంది. నిన్నటినుంచి నాకు అదే యోచన.”

“అడిగింది, సరి. జవాబు ఏది? ఒకటోది చూడు. ఎంత చదివినారు, ఎంత మంచి ఇంగ్లీషు. పుస్తకాలుండే ఇంటి బిడ్డ, చూస్తేనే తెలుస్తుంది.”

“అందుకే వద్దంటాను. అంతా అరువు మాటలు సార్. ఆ ఇంటి బిడ్డకు వేరే దారులు ఎన్నో ఉంటాయి.”

అభిరామి మనసులో ఉన్నది జయప్రియ. సేత్తూరు నుంచి బస్సులో వచ్చే పత్తి రైతు బిడ్డ. శనివారాలు దగ్గర కూర్చోబెట్టుకుని చదివించింది, వ్యాసం మాత్రం తనకు చూపించొద్దని చెప్పింది. ఇంతదాకా తెచ్చిన పిల్లను ఇప్పుడు వదిలేయడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. పత్తి గురించి ఇలా అడగగలిగేది ఇంకెవరు?

వాదన చాలాసేపు సాగింది. చివరికి ముసలాయన చేతులెత్తేశాడు.

“సరి, నీ ఇష్టం. ఎవరో చూస్తాము, పిలువు.”

“రెండో కట్టురై, ఆ పత్తి వ్యాసం, రాసింది ఎవరు? లోపలికి రా,” అని పిలిచింది అభిరామి, సంతోషం దాచుకోలేక.

తలుపు తోసుకుని వచ్చిన పిల్లను చూసి కోదండరామ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సుందరవల్లి, ఆయన సొంత మనవరాలు.

“మన మిల్లులో ఇది అడిగితే అందరూ నవ్వినారు తాతా. అందుకే ఇక్కడ రాసినాను.”

ముసలాయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అభిరామి ఒకటో వ్యాసాన్ని దగ్గరికి లాక్కుంది. మెల్లగా తలుపు వైపు చూసింది.

గడప అవతల జయప్రియ నిలబడి ఉంది. కోదండరామ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“ఒకటోది నాది మ్యామ్. సార్‌కు నచ్చలేదా?”