ఇరవయ్యో పెట్టె

ఇరవై చార్జింగ్ పెట్టెల్లో పంతొమ్మిదింటి మీద ఎర్రదీపం వెలిగింది.

"ఎవల చేతి పని గిది?" యజమాని ప్రభాకర్ గొంతు షెడ్డు రేకులను తాకింది. "కొమురవెల్లి జాతరకు పోయే బండి వాకిట్ల నిలవడ్డది. రేపు ఆదివారం. షామియానా కింద వేలమంది ఫోన్లు పెట్టుకుంటరు. గిప్పుడు గిట్ల మొత్తుకుంటున్నయేంది?"

సంహిత, హరీష్ బల్లకు అటూ ఇటూ నిలబడ్డారు. ఆ యూఎస్‌బీ-సి బోర్డులకు టంకం వేసింది ఆ ఇద్దరే. ఏది ఎవరి పనో తెలిపే గుర్తు పెట్టెల మీద లేదు.

"ఎర్రదీపం ఎలిగినయి ఎవలు చేసిన్రో, వాళ్లు రేపటి సంది పనికి రావద్దు. గీ ఒక్కటి చేసినోళ్లే నా లెక్కల పనిమంతులు," అంటూ ఆయన దీపం వెలగని ఇరవయ్యో పెట్టెను చూపాడు. "ముందుగాల గిది బండెక్కియ్యున్రి."

హరీష్ ముఖం పాలిపోయింది. సిద్దిపేటలో ఈ పని ఇచ్చే షెడ్డు మరొకటి లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఆగున్రి సార్," అంది సంహిత. "టెస్టుకు ఎంత లోడు పెట్టిన్రు?"

"ఐదు ఆంపియర్లు. మూడు మోసేదాని మీద ఐదు పెడితేనే గద సత్తువ తెలిసేది!"

"అయితే ఎర్రగ వెలిగిన పంతొమ్మిదే మంచియి."

ప్రభాకర్ నవ్వాడు. ఆ నవ్వులో హాస్యం లేదు. "నీయి గాబట్టి గట్లంటున్నవ్. ఆడరాక మద్దెల ఓడన్నట్టు!"

"ఎవలియైనా గంతే సార్. కరెంటు మూడు ఆంపియర్లు దాటంగనే చిప్పు ఆపద చెప్పే తన ఫాల్ట్ పిన్నును మూడు పాయింట్ మూడు వోల్టుల నుంచి సున్నాకు గుంజుతది. గప్పుడే ఎర్రదీపం వెలుగుతది, స్విచ్చు కరెంటు ఆపుతది. చిప్పు చెప్తది, గంతే. ఆపేది స్విచ్చు. చిప్పు చెప్పింది దానికి ఇనవడకపోతే?"

"ఇనవడకపోతే ఏమైతది?"

"దీపం వెలగని దాని మీద చెయ్యి పెట్టి చూడున్రి."

ప్రభాకర్ అరచేయి ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అయినా పట్టు విడవలేదు. "ఎండకాలం గదమ్మా. రేకుల కింద ఏదైనా కాలుతది."

"మిగిలిన పంతొమ్మిది గూడ గీ రేకుల కిందనే ఉన్నయి."

ఆయన వరసగా తాకుతూ పోయాడు. నాలుగోదాని దగ్గరే ఆగిపోయాడు. అప్పటిదాకా తాకినవన్నీ చల్లగానే ఉన్నాయి.

సంహిత ఇరవయ్యో పెట్టె మూత విప్పి, భూతద్దం కింద బోర్డును చూసింది. అవసరమైన దానికన్నా ఒక క్షణం ఎక్కువే చూసింది. తర్వాత మీటరు మొనను చిప్పు పిన్ను మీద ఆనించింది. మీటరు సున్నా చూపింది.

"చూసిన్రా? చిప్పు మొత్తుకుంటనే ఉన్నది."

మొనను వెంట్రుకవాసి పక్కకు, బోర్డు మీది రాగిగీత మీదికి జరిపింది. మూడు పాయింట్ మూడు.

"గీ దిక్కు మాత్రం అంత మంచిగనే ఉన్నదనుకుంటున్నది. నడుమ టంకం అంటలేదు. పిన్ను లేచి ఉన్నది."

ప్రభాకర్ మీటరు లాక్కుని రెండు చోట్లా తానే కొలిచాడు. సున్నా. మూడు పాయింట్ మూడు. మరోసారి కొలిచాడు. అంకెలు మారలేదు. పెట్టెలోంచి ప్లాస్టిక్ కమిలిన వాసన సన్నగా లేవడంతో లోడు తీగను పీకి పడేశాడు.

"షామియానా అంత బట్టనే," అన్నాడు. "కింద పిల్లాజెల్లా..."

మాట పూర్తి కాకముందే ఆయన కోపం దారి మార్చుకుంది.

"పంతొమ్మిదీ బండెక్కియ్యున్రి! గీ ఒక్కటి చేసినోళ్లు గిప్పుడే గేటు దాటాలె. రేపటిదాక గూడ ఆగేది లేదు. ఏమ్రా హరీష్, తల దించినవేంది? సామాను సదురుకో!"

"సార్, నేను..."

"నోర్ముయ్! అక్క పంతొమ్మిది చేసి ఒక్కదాంట్ల తప్పు పోలే. నువ్వు చేసిందే ఒక్కటి, గది గూడ కొంపలంటుకునేటట్టు చేసినవ్!"

హరీష్ సంచీ అందుకోవడానికి వంగాడు. సంహిత మీటరు ఆపి, తీగలు చుట్టి బల్ల మీద పెట్టింది.

"సార్, పంతొమ్మిది హరీష్ చేసినయే. తమ్ముడు అన్నానికి పోయినప్పుడు గీ ఒక్కటి నేను చేసిన."