లోపలి గడియ

సైరన్ మోగేసరికి నేను పేపరు కోసం కిందికి దిగి ఉన్నాను. నా కూతురు నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంది. దానికి ముప్పై ఎనిమిదేళ్లు. తెలివి మాత్రం ఆరేళ్ల దగ్గరే ఆగిందని డాక్టర్లంటారు.

ప్రతి ఆదివారం దానికి ఒకటే పాఠం. సైరన్ మోగితే గడియ తీయకూడదు, పొగ రాకుండా తలుపు కింద తడి తువ్వాలు కుక్కాలి, బాల్కనీలో నిలబడి ఎర్రగుడ్డ ఊపాలి. "ఈ చిలక పలుకులు అవసరానికి అక్కరకొస్తాయా మాస్టారూ?" అని అపార్ట్‌మెంట్ సెక్రటరీ నవ్వేవాడు. నిప్పు పుట్టింది అతగాడి వంటింట్లోనే అని ఇక్కడ రాసి పెడుతున్నాను.

పొగలో గోడ తడుముకుంటూ పైకెక్కాను.

"అమ్మలూ, తలుపు తియ్యి!"

"తియ్యను."

"నేనే తల్లీ, నాన్నని!"

"సైరన్ మోగుతోందిగా. తియ్యకూడదు."

తలుపు బాదాను, తిట్టాను, ఏడ్చాను. కన్నతండ్రి గొంతునే పోల్చుకోలేదే అనుకుంటూ అక్కడే కూలబడ్డాను.

ఫైరింజన్ వాళ్లు నన్ను భుజాన వేసుకుని దించారు. దాన్ని బాల్కనీలోంచి నిచ్చెన మీద దించారు. ఒంటికి మసి కూడా అంటలేదు. పరిగెత్తుకొచ్చి నన్ను కరుచుకుంది.

"నా గొంతు గుర్తుపట్టలేదుటే?"

"పట్టాను. నువ్వు ఏడుస్తుంటే భయమేసి గడియ మీద చెయ్యి కూడా వేశాను."

"మరి తీయలేదేం?"

"నువ్వు పాఠం మర్చిపోయావు కదా. ఇద్దరం మర్చిపోతే ఎలా నాన్నా?"