మళ్లొక్కసారి చెప్పు

"అక్కా, గది నా కుర్చీ."

కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి లేవలేదు. నవ్వి, పక్క కుర్చీ లాగింది.

"ఇద్దరం కూసుందాం రా. నువ్వు గూడ మెడికల్ పరీక్షకేనా?"

స్వప్న ఆ కుర్చీలో కూలబడి పుస్తకం తెరిచింది.

తొంభై నాలుగో సంవత్సరం. మహారాష్ట్ర అంచున చంద్రపూర్‌లో సందుకొక కోచింగ్ క్లాసు బోర్డు లేస్తోంది గానీ, సరిహద్దు పల్లె లక్కడ్‌కోట్ నుంచి వచ్చి చిన్నమ్మ ఇంట్లో ఉంటున్న స్వప్నకు జట్‌పురా గేటు దగ్గరి వాచనాలయమే, ఆ మేడ మీది లైబ్రరీయే, దిక్కు. పోయినేడు ఆల్ ఇండియా మెడికల్ పరీక్ష రాసి తప్పింది. పత్తి చేను విడిచి ఎటూ కదలని తండ్రి అంజన్న, ఈసారి బస్సెక్కి వచ్చి మరీ చెప్పిపోయాడు.

"ఇంకొక్క ఏడు బిడ్డా. గదీ పోతే టీచర్ ట్రైనింగ్‌ల చేరు. మళ్ల నన్నడగొద్దు."

ఆ మాట గుండెలో పెట్టుకుని చదువుతున్న పిల్లకు, పక్కనెవరైనా నోరు తెరిస్తే ఒళ్లు మండేది.

ఆ అమ్మాయి పేరు పల్లవి. గోల్ బజార్‌లో బట్టల దుకాణం వాళ్ల బిడ్డ. స్వప్న కంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. హోళీ దాటి ఎండలు ముదిరినా భుజాల మీద శాలువా తీసేది కాదు. మేడ మెట్లెక్కి రావడానికే ఆయాసపడేది.

"గుండెకు ఎడమ దిక్కు గోడ దొడ్డుగ ఎందుకుంటది?" అని అడిగింది ఒకనాడు.

"రక్తం ఒళ్లంతటికి పోవాలె గద. జోరుగ నూకాలె."

"మరి కుడి దిక్కు?"

"ఊపిరితిత్తులు పక్కనే ఉంటయి. గంత జోరు అక్కరలేదు."

"జోరుగ నూకితే ఏమైతది?"

స్వప్న ఇంటికి పోయి పుస్తకాలన్నీ తిరగేసి, మర్నాడు వచ్చి చెప్పింది.

"సమజ్ కాలే. మళ్లొక్కసారి చెప్పు," అంది పల్లవి.

రోజూ ఇదే వరస. ఈమెకు సీటు ఎట్లొస్తది, పాపం, అనుకునేది స్వప్న.

దరఖాస్తుల రోజులొచ్చాయి.

"వార్ధా కాలేజీది గూడ రాస్తున్నవా?"

"లేదక్కా. గది గాంధీ ఆశ్రమం దగ్గరిది, దాన్ల గాంధీ మీద వేరే పేపరుంటదట. రెండిటి ఎంబడి పడితే రెండూ పోతయి. ఆల్ ఇండియా ఒక్కటే మళ్ల రాస్త."

"గాంధీ సంగతి నాకు చెప్పు. నేను వింట."

"నాకే తెల్వదు!"

"చదివి చెప్పు."

పల్లవి కిటికీలోంచి చూస్తోంది. దూరంగా థర్మల్ స్టేషన్ గొట్టాల పొగ.

"గక్కడ పొద్దుగాల్ల అందరు కింద కూసోని ప్రార్థన చేస్తరు. ఖద్దరు కడ్తరు. ఊళ్లోళ్లు ఎడ్లబండ్లల్ల దవాఖానకు వస్తరు. డాక్టర్లు పక్కన కూసోని, పంటలు ఎట్లున్నయని అడిగినంకనే నాడి చూస్తరు. ఊరి పిల్లవు నువ్వు. నీకు గదే మంచిగుంటది."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"మరి రాయవా?"

పల్లవి శాలువా దగ్గరికి లాక్కుంది.

"నాకు గక్కడికి మళ్ల పోవాలనే ఉంది," అంది.

స్వప్న రెండు పరీక్షలకూ దరఖాస్తు పెట్టింది.

మే నెలలో, పరీక్షలు ముంచుకొస్తుండగా, ఒక మధ్యాహ్నం స్వప్నకు ఓపిక నశించింది.

"అక్కా, ఇగ నన్ను చదువుకోనియ్యి! నీకు చెప్పుకుంట కూసుంటే నా పరీక్ష ఖరాబైతది."

పల్లవి ముఖం చిన్నబోయింది. అయినా నవ్వడానికే చూసింది.

"సరే. వార్ధాది మాత్రం విడువకు."

గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆల్ ఇండియా పరీక్ష మళ్లీ పోయింది. వార్ధాలో సీటొచ్చింది. ఊరికి పోయే రాజురా బస్సులో అంజన్న ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా పేడా మిఠాయి పంచాడు.

స్వప్న మిఠాయి పట్టుకుని వాచనాలయానికి పరుగెత్తింది. కిటికీ పక్క కుర్చీలో ఎవరో ముసలాయన పేపరు చదువుతున్నాడు. గోల్ బజార్‌కు పోయింది. దుకాణం పేరు ఎన్నడూ అడగలేదాయె. రెండు దుకాణాల్లో పల్లవి ఎవరో తెలియదన్నారు. మూడోది మూసి ఉంది. వాన మొదలైంది. తెల్లారితే ప్రయాణం. దీపావళికి వచ్చినప్పుడు వెతికి పట్టుకుని, ఆ రోజన్న మాటకు చేతులు పట్టుకుని మన్నించమని అడుగుదామనుకుంది.

కాలేజీలో పొద్దున్నే ప్రార్థనకు కింద కూర్చున్నప్పుడల్లా, పక్కన పల్లవి ఉంటే ఎంత బాగుండు అనిపించేది.

ఒకరోజు క్లాసులో మేడం ఏదో ప్రశ్న వేసింది. అందరూ పుస్తకంలో ఉన్నది అప్పజెప్పారు. స్వప్న మాత్రం ఎదురుగా ఏమీ తెలియని మనిషి ఉన్నట్టు నిమ్మళంగా విడమరిచింది. ఎవరూ అడగకుండానే, "అట్లా కాకపోతే ఏమవుతుంది?" అని తానే వేసుకుని, దానికీ జవాబు చెప్పింది.

క్లాసయ్యాక మేడం ఆమెను ఆపింది. హిందీలో అడిగింది.

"ఇట్లా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"నేర్చుకోలేదు మేడం. చంద్రపూర్ వాచనాలయంలో ఒక అక్కకు ఏదీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ఆమెకు చెప్పీ చెప్పీ అలవాటైంది."

"పేరు?"

"పల్లవి. వాళ్లకు గోల్ బజార్‌లో బట్టల దుకాణం. దీపావళికి పోయి కలుస్తాను మేడం."

మేడం కళ్లు దించుకుంది.

"కలవలేవు తల్లీ. రక్తం జబ్బు. వానలు మొదలైనప్పుడే పోయింది."

స్వప్న చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టింది.

"మీకెట్లా తెలుసు మేడం?"

"జబ్బుతో చదువాపి ఇంటికి పోయేదాకా, మూడేళ్లూ ఈ కాలేజీలో అందరికంటే ముందున్నది ఆమే. జూనియర్లకు కూడా ఇట్లాగే, ఏమీ తెలియనట్టు అడిగి అడిగి పాఠం చెప్పేది," అంది మేడం.