ఆదివారం టెస్టు మ్యాచ్

"ఆ స్క్రమ్ చూడండంకుల్, తలలు ఆనించి ఎలా నెట్టేస్తున్నారో!" అంటూ మల్లికార్జున్ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

ఆ ఆట అతను చూడడం ఇరవై ఎనిమిదోసారి. తొంభై మూడులో కెనడాలోని ఇదే బర్నబీ ఊళ్లో, టూరుకొచ్చిన ఇంగ్లండ్ జట్టును కెనడా మూడు పాయింట్ల తేడాతో ఓడించిన రగ్బీ టెస్టు మ్యాచ్ రికార్డింగ్ అది. ఎవరెప్పుడు కింద పడతారో, ఎవరు లేచి నిక్కరు సవరించుకుంటారో కూడా అతనికి కంఠతా వచ్చు.

"అబ్బో, అదరగొట్టారోయ్!" అన్నారు ఇంటి యజమాని అమరేశ్వరరావు గారు.

మల్లికార్జున్ కొండమీది యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాడు. ఆ ఏడాది ఊరినిండా కొత్త విద్యార్థులే. అడ్మిషన్ దొరికినవాళ్లకి కూడా అద్దెగది దొరకడం లేదు. ఈ ఇంట్లో బేస్‌మెంట్ గది చూడ్డానికి వచ్చిన రోజున టీవీలో ఈ ఆటే నడుస్తోంది. "రగ్బీ ఇష్టమా బాబూ?" అని ఆయన అడిగారు. "ప్రాణం అంకుల్!" అనేశాడు. నిజానికి ఆ బంతి కోడిగుడ్డులా ఎందుకుందో కూడా అతనికి తెలియదు.

గది దొరికింది. ఆదివారం మధ్యాహ్నం పైన వాళ్లతోపాటు భోజనమూ దొరికింది. పదకొండు కాగానే ఆయన భార్య ఝాన్సీలక్ష్మి గారు ఈ ఆట పెట్టి, వంట పనిలో పడేవారు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు. మగవాళ్లిద్దరూ కేకలు పెడుతుంటే ఆవిడ మధ్యమధ్యలో వేడి వడియాలు తెచ్చి, ఓ క్షణం నిలబడి వెళ్లేవారు.

ఈవేళ మాత్రం మల్లికార్జున్‌కి వడియం మింగుడుపడడం లేదు. ఈ నెలాఖరుతో లీజు అయిపోతుంది. గది కోసం పదకొండుమంది ఫోన్ చేశారట. ఫ్రెండ్ రోహిత్ వాళ్ల గదిలో ఇప్పటికే నలుగురున్నారు. అక్కడ ఐదోవాడిగా సర్దుకోవడం తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

"లీజు సంగతి మాట్లాడాలోయ్," అన్నారు అమరేశ్వరరావు గారు.

"చెప్పండంకుల్."

"ముందు ఒక్క నిజం చెప్పు. ఈ ఆటంటే నీకు అంత ఇష్టమా?"

మల్లికార్జున్ చేతిలోని వడియం ప్లేట్లో పెట్టేశాడు. అవునంటే గది ఉంటుంది. కానీ ఎనిమిది నెలలుగా అన్నం పెడుతున్న మనిషి మొహం చూస్తూ ఇంకోసారి అబద్ధమాడలేకపోయాడు.

"లేదంకుల్. మీకిష్టమని చూస్తున్నా. సారీ."

ఆయన రెండు చేతులూ జోడించారు. "బతికించావయ్యా! నీకు ప్రాణమన్నావని నేను చూస్తున్నా. మీ ఆంటీ కూడా పాపం నీకోసం మర్చిపోకుండా పెడుతోంది. రెన్యూవల్ కాగితాలు నిన్ననే ప్రింట్ తీశాను. కానీ ఇంకో ఏడాదంటే, ఇంకో యాభై ఆదివారాలు ఇదే ఆట! భయమేసి అడిగా."

"అంటే నేను ఉండొచ్చా అంకుల్?"

"ఉండకుండా ఎక్కడికి పోతావు? నువ్వెళ్తే ఇల్లు బోసిపోదూ!"

మల్లికార్జున్ ఆనందం పట్టలేక ఆయన్ని వాటేసుకున్నాడు. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే ఆయన రిమోట్ అందుకుని టీవీ కట్టేశారు.

పొయ్యి దగ్గర్నుంచి ఝాన్సీలక్ష్మి గారు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఎవరా కట్టేసింది, నా మ్యాచ్ ఇంకా అవలేదు!"