పదిన్నర చీటీ

కత్తెర కోసం భార్య కుట్టుపెట్టెలో చెయ్యి పెడితే డ్రైవరుకి ఒక చీటీ దొరికింది.

దాని మీద ఒకటే రాసి ఉంది: "10.30".

అడుగున ఇంకో చీటీ, "9.15". ఇంకోటి, "8.45".

ఆ సమయాల్లో తను స్కూల్లో వ్యాను కడుగుతూ ఉంటాడు. ఇంట్లో భార్య ఒక్కతే బట్టలు కుట్టుకుంటూ ఉంటుంది.

రాత ఆమెది కాదు. మిషను రిపేరు రసీదు మీద చూసిన రాతే, ఎదురు గదిలో కొత్తగా దిగిన మనిషిది. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు కనక అందరూ అతన్ని మిషన్లాయన అంటారు.

డ్రైవరు చీటీలని ఎక్కడివక్కడ పెట్టేశాడు.

మిషన్లాయనకి యాభై దాటాయి, జుట్టు సగం నెరిసింది. అయినా "ఆ అన్నయ్య చెయ్యి పడ్డాక మిషను వెన్నలా నడుస్తోందండీ" అని భార్య మెచ్చుకున్న రోజున డ్రైవరుకి అన్నం సహించేది కాదు.

"అన్నయ్యట, అన్నయ్య!" అని పళ్ళు నూరేవాడు.

భార్యని అడగొచ్చు. అవునంటుందేమోనని భయం.

వారానికి రెండుమూడు సాయంత్రాలు డ్రైవరుకి మందు అలవాటు. ఆ సాయంత్రం తాగి, నిద్ర నటిస్తూ పడుకున్నాడు.

భార్య సీసాని దీపానికి ఎత్తి చూసింది. తువ్వాలు కింద దాచుకుని ఎదురు గదికి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి సీసా యథాస్థానంలో పెట్టింది, ఓ చీటీని పెట్టెలో పడేసింది.

"పెళ్ళాం చాలక నా సీసా కూడానా వీడికి!"

తీరా చూస్తే సీసాలో తను వదిలింది వదిలినట్టే ఉంది. బుర్ర పనిచేసే మనిషైతే అక్కడ ఆగేవాడు. డ్రైవరు చీటీ చూశాడు. "10.30".

తెల్లారేసరికి వ్యాను తాళంచెవి మాయం.

అది మామూలే. వారంలో ఒకసారైనా అలా మాయమయ్యేది. భార్యే స్కూలుకి ఫోను చేసి, ఈ పూటకి రెండో డ్రైవరుని పంపమని బతిమాలేది. తను నడిచి వెళ్ళేవాడు.

ఈసారి కూడా వెళ్ళాడు. పదిన్నరకి పిల్లిలా తిరిగొచ్చి కిటికీ పక్కన నక్కాడు.

ఎవరూ రాలేదు. ఎదురు గదికి తాళం వేసి ఉంది. భార్య గడియారం చూసి, బట్టముక్కల కింద నుంచి వ్యాను తాళంచెవి తీసి మేకుకి తగిలించింది.

"నన్ను కాలినడకన తగలెయ్యడానికన్నమాట దాచింది!"

ఆ మధ్యాహ్నమే ఇంటివాళ్ళాయన దగ్గరికి వెళ్ళాడు.

"తాగుబోతుకి గది ఇచ్చారేంటండీ? ఇక్కడ సంసారులం ఉండాలా వద్దా?"

ఇంటివాళ్ళాయన మిషన్లాయన్ని పిలిపించాడు. "ఏమయ్యా, నిజమేనా?"

మిషన్లాయన డ్రైవరు వైపు ఒకసారి చూశాడు.

"నిజమేనండీ. తాగుబోతునే. రేపు ఖాళీ చేసేస్తాను."

అబద్ధం అంత తేలిగ్గా నెగ్గుతుందని డ్రైవరు కూడా అనుకోలేదు.

మర్నాడు సాయంత్రం పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళుతూ మిషన్లాయన గుమ్మం దగ్గర ఆగాడు.

"తమ్ముడూ, ఈ పూట తాగితే రేపు పొద్దున బండి తియ్యకు."

"నా బండి సంగతి నీకెందుకోయ్?"

అతను మెట్లు దిగిపోయాడు.

పీడ వదిలిన సంతోషంలో డ్రైవరు ఏడింటికి కూర్చుని సగం సీసా దించాడు. తాళంచెవి జేబులో పెట్టుకునే పడుకున్నాడు.

పొద్దున్నే భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఈ పూట వద్దండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"వాడు పోయాడని ఏడుపా?"

ఆమెని పక్కకి నెట్టి వ్యాను తీశాడు.

స్కూలు మలుపులో గోడ ఎదురొచ్చింది. బ్రేకు మీదికి కాలు వెళ్ళడం ఒక్క క్షణం ఆలస్యమైంది.

వ్యానులో పదకొండుమంది పిల్లలు. ఒక పాపకి ముందుపళ్ళు రెండు ఊడాయి. ఆయాకి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో డ్రైవరు రక్తం తీశారు. కాగితం చూసి డాక్టరమ్మ మొహం మాడ్చుకుంది.

"పొద్దున్నించి చుక్క ముట్టలేదమ్మా! హాయిగా నిద్రపోయాను. చన్నీళ్ళ స్నానం చేశాను, రెండు కప్పుల కాఫీ తాగాను."

"వాటితో కళ్ళు తెరుచుకుంటాయి, అంతే. రక్తంలో దిగింది కాలేయమే కరిగించాలి. దాని నడక దానిదే, తొందరపెడితే వినదు. ఎన్నింటికి మొదలుపెట్టావు? ఎంత తాగావు?"

చెప్పాడు.

ఆమె అతని బరువు అడిగి, కాగితం మీద లెక్కవేసింది.

"దగ్గరదగ్గర పదిన్నర దాకా నువ్వు బండి ముట్టుకోకూడదు."



డ్రైవరు ఇంటికి వచ్చి కుట్టుపెట్టె భార్య ముందు బోర్లించాడు. చీటీలన్నీ నేల మీద పడ్డాయి.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే వినేవారా? పడుకుని లేస్తే దిగిపోతుందనే కదా మీ వాదన! సీసాలో ఎంత తగ్గిందో చూసి ఆ అన్నయ్య టైము రాసిచ్చేవాడు. ఆ టైము దాకా తాళంచెవి దాచేదాన్ని."

"ఎక్కడికెళ్ళాడు?"

"మీరు వెళ్ళగొట్టారు. ఎక్కడికని నేనడగాలి?"

వారం తర్వాత స్కూలు ఆఫీసులో తాళంచెవి అప్పగించాడు. గుమాస్తా ఎవరి మీదో విసుక్కుంటున్నట్టు బీరువా తెరిచాడు.

"నువ్వు చేరకముందు ఇదే వ్యాను మీద ఇలాగే ఒకడిని తీసేశాం. వాడూ ముందురాత్రి తాగినదేనన్నాడు. వాడి చేతిలో ఒక పిల్లాడు పోయాడు. వాడిని తీసేసిన ఉత్తరమే చూసి నీకూ టైపు కొడతాను."

అతను పాత ఫైలు బల్ల మీద పరిచాడు. ఉత్తరం మూలన అంటించిన ఫొటోలో, జుట్టు ఇంకా నెరవని మిషన్లాయన ఉన్నాడు.