రెండు కళ్లూ ఒకేలా

"ముందు ఆ ఎడమ కంటి రంగు తుడిచేద్దాం తల్లీ," అంటూ పార్లరావిడ తడి దూది తీసింది.

కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఆవిడ మణికట్టు పట్టుకుంది. "వద్దు ఆంటీ. దాన్ని అలాగే ఉంచండి. కుడిదాన్ని దానికి కలపండి."

"ఒక కన్ను ఇంటి దగ్గర దిద్దుకుని, ఇంకో కన్ను నా దగ్గరా? ఇదెక్కడి చోద్యం?"

"మళ్లీ ఆ రంగు కుదరదు."

ఆ మాట ఆవిడకు చురుక్కుమంది. ఇరవై రెండేళ్లుగా పెళ్లికూతుళ్ల ముఖాలు దిద్దుతున్న మనిషితో రంగు కుదరదంటే ఊరుకుంటుందా? అమ్మాయిని కళ్లు మూసుకోమని, మెడ పక్కకు వంచి ఎడమ రెప్పను చూసింది. ముక్కు వైపు నేరేడు రంగు చిక్కగా ఉంది. మధ్యకు వచ్చేసరికి అది సిరా నీలంలోకి దిగింది. కణత దగ్గర అంచున లేత పసుపు, కాస్త పచ్చ. ఏ రంగు ఎక్కడ ఆగిందో తెలియడం లేదు.

"అంచుకి పసుపు కలపాలని ఎవరికి తట్టిందమ్మా? నాకే ఇంతవరకూ తట్టలేదు. ఎవరు వేశారు?"

అమ్మాయి కళ్లు తెరిచి అద్దంలో వెనక్కి చూసింది. గోడవార సోఫాలో ఆమె హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భర్త తలెత్తాడు.

"మా ఆయన."

"అబ్బో," అంది ఆవిడ. "పెళ్లాం బ్యాగు పట్టుకుని లోపల కూర్చునే మొగుడే కరువు. కన్ను కూడా దిద్దుతాడన్నమాట."

"నాకేం వచ్చండీ," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "ఏదో తొందరలో అలా అయిపోయింది."

"తొందర పనని తెలుస్తూనే ఉంది బాబూ. మెరుపు ఒక్క రవ్వ కూడా నిలవలేదు." ఆవిడకు పాఠం చెప్పే అవకాశం దొరికింది, ఇక వదల్లేదు. చిన్న డబ్బీ మూత తీసి చూపించింది. "ఇది పొడి రంగు. కుచ్చు బ్రష్షుతో తోశావనుకో, కంటి మీద కంటే చెంప మీదే ఎక్కువ ఉంటుంది. బ్రష్షు ఇలా బల్లపరుపుగా, పొట్టి వెంట్రుకలతో గట్టిగా ఉండాలి. పొడిని తడపకూడదు, బ్రష్షునే తడపాలి. అదీ ఒక్క చుక్క. ఆ పైన రుద్దకూడదు, అద్దాలి. చేతి బరువు పడనే కూడదు."

"అలాగేనండీ," అన్నాడతను బుద్ధిగా.

ఆ అమ్మాయి చెల్లెలి పెళ్లి సాయంత్రం నాలుగింటికి. ఇంకా గంటన్నర ఉంది. పెళ్లి కంటే ముందు ఆ అమ్మాయి దాటవలసింది తల్లిని. ఆ తల్లి ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి, అంచు వెంట్రుకవాసి వంకర పోయినా వీధిలోంచే పట్టేస్తుంది. రెండు కళ్లకీ తేడా కనబడితే నలుగురిలో నిలబెట్టి అడిగేస్తుంది. ఈ ఒక్కరోజూ తన ముఖం గురించి ఎవరూ ఏమీ అడగకూడదు, అమ్మాయికి కావలసింది అంతే. అది కూడా గట్టిగా కావాలనిపించడం లేదు. మూడు రోజులుగా ఆకలీ నిద్రా కోపమూ అన్నీ పక్కింటివాళ్లవన్నట్టు ఉన్నాయి.

ఆవిడ కుడి కంటి కింద ముఖానికద్దే పౌడరు మందంగా పరిచింది, రాలిన మెరుపు దాని మీద పడితే దులిపేయవచ్చని. రెప్పకు జిగురుగా ఉండే క్రీము రాసింది. తన ఎడమ చేతి వెనుక వైపు మీద మూడు డబ్బీల పొడులూ కలుపుకుంది. మొదటిసారి ఎరుపు ఎక్కువైంది, తుడిచేసింది. రెండోసారి నీలం చాలలేదు. మూడోసారి వెనక్కి జరిగి, గెలిచినట్టు నడుం మీద చేయి వేసుకుంది.

"ఏం బాబూ, కుదిరిందా?"

అతను లేచి వచ్చి భార్య ముఖంలోకి వంగాడు. "కింది వైపు ఇంకొంచెం నీలం ఉండాలండీ. ఎడమదానికి చివర పసుపు వేలెడు దాకా వచ్చింది, చూడండి."

"బాగానే గుర్తుపెట్టుకున్నావే," అని నవ్వుతూ ఆవిడ సరిచేసింది.

చివరగా వెండి మెరుపు, రెండు కళ్లకీ. కుడి రెప్ప మీద బ్రష్షు చకచకా నడిచింది. ఎడమ రెప్పను తాకగానే అమ్మాయి వేళ్లు కుర్చీ చేతిని పట్టుకున్నాయి.

"గట్టిగా నొక్కానా?"

"లేదు ఆంటీ. కానివ్వండి."

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. బ్రష్షు పక్కన పెట్టి, ఉంగరపు వేలి కొసతో మిగతా మెరుపు అద్దింది.

అప్పుడే ఫోను మోగింది. తల్లి, వీడియో కాల్. భర్త బ్యాగులోంచి ఫోను తీసి అందించి, తెరలో కనబడకుండా పక్కకు తప్పుకున్నాడు.

"ఏదీ, ఇటు తిరుగు. ఇంకాస్త దగ్గరికి రా. కళ్లు మూయి," అంది తల్లి.

అమ్మాయి మూసింది. అవతల పెళ్లి హాల్లో కుర్చీలు లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తల్లి చాలాసేపు చూసింది. అతను గోడకు ఆనుకుని బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు.

"అచ్చు ఒకేలా ఉన్నాయే," అంది తల్లి చివరకు. "వేలెత్తి చూపడానికి లేదు. ఆ ఎడమదైతే మరీ కుదిరింది. చెల్లికీ అలాగే వేయించాల్సింది."

"దానికి వద్దమ్మా," అంది అమ్మాయి.

ఎడమ రెప్ప మీద ఉన్నది రంగు కాదు, మూడు రోజుల కిందటి దెబ్బ.